యాప్ లెక్కలో మీ పాప వయసు 62

ప్రశ్న: అక్కా నమస్తే. మేము మియాపూర్‌లో ఉంటాం. మా పాపకి 13 ఏళ్లు, ఎనిమిదో తరగతి, పాటలు బాగా పాడుతుంది. మా అత్తమ్మ ఫోన్‌లో ఒక లైవ్ యాప్ వేసుకుని కొన్నాళ్లుగా సాయంత్రాలు పాడుతోంది, క్లాసులో ఇంకో ముగ్గురు ఆడపిల్లలు కూడా అదే యాప్‌లో ఉన్నారు. అకౌంట్ అత్తమ్మ పేరు మీదే ఉంది, ఆమెకి 62 ఏళ్లు. గులాబీలు, కిరీటాలు అని ఏవో గిఫ్టులు వస్తుంటే ఆమె మురిసిపోతున్నారు. పాప 'అన్నయ్య' అని పిలిచే ఒకతను రోజూ వచ్చి పెద్ద గిఫ్టులు పంపుతాడు. మొన్న ఏ స్కూల్ అని అడిగాడట, లంగా ఓణీ వేసుకుని నిలబడి పాడమన్నాడట, వాట్సాప్ నంబర్ ఇవ్వమన్నాడట. పాపే వచ్చి నాకు నవ్వుతూ చెప్పింది. ఇంకొకడు ఏజెన్సీ అని చెప్పి, రోజూ రెండు గంటలు లైవ్ చేస్తే నెల జీతం ఇస్తామని అత్తమ్మ ఆధార్ ఫోటో తీసుకున్నాడు. నాకు చాలా టెన్షన్‌గా ఉంది. ఫోన్ లాగేసుకుందామంటే పిల్ల టాలెంట్‌ని తొక్కేస్తున్నావని మా ఆయన అంటున్నారు. ఏం చేయాలో చెప్పండి.
— ఒక అమ్మ, మియాపూర్

జవాబు:

పాపే వచ్చి చెప్పింది అని రాశారు చూడండి, ఇప్పుడు మీ చేతిలో ఉన్న బలమంతా అదే. ఈ రాత్రి ఫోన్ లాక్కున్నారనుకోండి, ఆ 'అన్నయ్య' మంచివాడు కాదన్న సంగతి పాప బుర్రకి ఎక్కదు, అమ్మకి చెబితే ఫోన్ పోతుంది అన్నది మాత్రం గట్టిగా ఎక్కుతుంది. ఇంకోసారి ఇంతకంటే పెద్దది జరిగితే మీ దాకా రాదు. పిల్లల్ని వలలో వేసుకునేవాళ్లు ఎదురుచూసేది సరిగ్గా దీనికోసమే, 'మీ అమ్మకి తెలిస్తే తిడుతుంది, మనిద్దరి మధ్యే ఉండనీ' అనే మాట వాళ్ల దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది, దాన్ని మనమే నిజం చేసి పెట్టకూడదు.

అలాగని లైవ్ సాగనివ్వండి అనడం లేదు. ఆ యాప్‌లో లైవ్ ఈ రోజుతో ఆగాలి, దీంట్లో బేరం లేదు. పాపతో చెప్పేటప్పుడు మాత్రం వరస ముఖ్యం: నువ్వు చెప్పి మంచి పని చేశావు, నీ తప్పేమీ లేదు, పాట ఆపక్కర్లేదు, ఆ యాప్ మాత్రం మనకి వద్దు, ఎందుకో చూపిస్తాను రా అని పక్కన కూర్చోబెట్టుకోండి. ఏడుస్తుంది, అలుగుతుంది, ఏడవనివ్వండి. రోజూ అంతమంది చప్పట్లు కొడుతుంటే ఒక్కసారిగా ఆగిపోవడం 13 ఏళ్ల పిల్లకి చిన్న విషయం కాదు, దాన్ని 'పిచ్చి వేషాలు' అని కొట్టిపారేయకండి.

ఇక ఆ 'అన్నయ్య' సంగతి. స్కూల్ ఎక్కడ, ఈ బట్టలు వేసుకో, నిలబడు, నంబర్ ఇవ్వు. ఈ నాలుగూ విడివిడిగా చూస్తే మామూలు మాటల్లాగే ఉంటాయి, అందుకే పాప నవ్వుతూ చెప్పగలిగింది. కలిపి చదవండి, ఒక మగవాడు ఒక చిన్నపిల్ల ఎంతవరకు మాట వింటుందో మెట్టు మెట్టుగా పరీక్షిస్తున్నాడు. గిఫ్టు ఆ పరీక్షలో మొదటి మెట్టు. ఇంత డబ్బు ఖర్చుపెట్టిన మనిషి అడిగితే కాదనడం పిల్లలకి మొహమాటంగా ఉంటుంది, పెద్దవాళ్లకే ఉంటుంది, పిల్లలకి ఉండదా. వాట్సాప్ అడగడం ఎందుకంటే, యాప్‌లో అయితే పదిమంది చూస్తుంటారు, రిపోర్ట్ చేసే బటన్ ఉంటుంది, వాట్సాప్‌లో ఇద్దరే ఉంటారు. ఆ తర్వాత వీడియో కాల్, ఆ కాల్‌ని రికార్డ్ చేయడం, దాన్ని పెట్టుకుని బెదిరించడం. ఇది ఊహించి చెప్పడం లేదు, పోలీసుల దగ్గరికి వచ్చే కేసుల్లో ఇదే దారిలో నడిచినవి చాలా ఉన్నాయి. మీ పాప విషయంలో అతను ఇంకా నంబర్ దగ్గరే ఆగాడు, అంటే మీరు సమయానికే మేలుకున్నారు. నంబర్ నిజంగానే ఇవ్వలేదా అని మాత్రం ఒకసారి మెల్లగా అడిగి తెలుసుకోండి, గద్దించి అడిగితే ఇవ్వలేదనే చెబుతుంది.

ఇక్కడ చాలామంది తల్లిదండ్రులు చేసే పని ఒకటుంది, కోపంతో అతన్ని నాలుగు తిట్టి బ్లాక్ కొట్టేసి యాప్ డిలీట్ చేసేస్తారు. కోపం న్యాయమే కానీ దాంతో చేతిలో ఉన్న సాక్ష్యం మొత్తం పోతుంది, కొన్ని యాప్‌లలో బ్లాక్ చేయగానే ఆ చాట్ కూడా మాయమైపోతుంది. ముందు అతని ప్రొఫైల్ తెరవండి. పేరు, ఫోటో ఎప్పుడైనా మార్చుకోవచ్చు, కానీ ప్రొఫైల్‌కి ఒక ఐడీ నంబరో లింకో ఉంటుంది, అది కనిపించేలా స్క్రీన్‌షాట్ తీయండి. తర్వాత స్క్రీన్ రికార్డింగ్ పెట్టి చాట్ మొదటి నుంచి చివరిదాకా నెమ్మదిగా జరుపుతూ పోండి, తేదీలు, టైములు పడాలి. ఆ రికార్డింగ్ మీ ఫోన్‌లోకి తీసుకున్నాక యాప్‌లోనే రిపోర్ట్ చేయండి, చివరన బ్లాక్. మీ తరఫున అతనికి ఒక్క మాట కూడా రాయకండి, హెచ్చరించినా సరే పారిపోవడానికి టైమ్ ఇచ్చినట్టే.

ఒక జాగ్రత్త, ఇది గట్టిగా చెబుతున్నాను. ఆ చాట్‌లో పిల్లలకి సంబంధించిన అసభ్య ఫోటో గానీ వీడియో గానీ కనిపిస్తే దాన్ని మీ ఆయనకో తమ్ముడికో ఫ్యామిలీ గ్రూప్‌లోకో ఫార్వర్డ్ చేయొద్దు. మన మంచి ఉద్దేశంతో పంపినా ఐటీ చట్టం 67బి కింద అది నేరంలోకి వస్తుంది, పంపకుండా, రిపోర్ట్ చేయకుండా ఫోన్‌లో ఉంచుకోవడం కూడా పోక్సో, అంటే పిల్లలపై లైంగిక నేరాల చట్టం కింద నేరం కావచ్చని 2024 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. అలాంటిది ఉంటే ఇంకేమీ ముట్టుకోకుండా ఫోన్ పట్టుకుని నేరుగా పోలీసుల దగ్గరికే వెళ్లండి.

ఫిర్యాదు ఎక్కడ అంటారా, సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ పోర్టల్‌లో మహిళలు, పిల్లలపై నేరాలకి విడిగా ఒక విభాగం ఉంది, అందులో పేరు చెప్పకుండా కూడా రిపోర్ట్ చేయొచ్చు. 1930కి ఫోన్ చేయొచ్చు, అది అందరికీ డబ్బు మోసాల నంబర్‌గా తెలుసు గానీ సైబర్ నేరాలన్నిటికీ దారి చూపిస్తారు. పిల్లల కోసం 1098. మియాపూర్ సైబరాబాద్ కమిషనరేట్ కిందికి వస్తుంది, అక్కడ షీ టీమ్స్ అనే మహిళా భద్రతా పోలీసు బృందాలు ఉన్నాయి, ఇలాంటివి వాళ్లకి కొత్త కాదు. స్టేషన్ అనగానే ఆడపిల్లని అక్కడ కూర్చోబెడతారేమో, పేరు బయటికి పోతుందేమో అని భయపడతాం కదా. పోక్సో చట్టంలోనే రాసి ఉంది, పిల్లల వాంగ్మూలం వాళ్ల ఇంట్లోనో వాళ్లు కోరుకున్న చోటో తీసుకోవాలి, వీలైనంతవరకు ఎస్సై కంటే తక్కువ కాని మహిళా అధికారి తీసుకోవాలి, యూనిఫాంలో ఉండకూడదు, పిల్ల ఎవరో తెలిసే వివరాలు మీడియాలో రాకూడదు. ఈ మాటలు గుర్తుపెట్టుకుని వెళ్లండి, ఎవరైనా వేరేగా మాట్లాడితే మర్యాదగానే చట్టం గుర్తుచేయండి.

మీ ఉత్తరంలో మీరు మామూలుగా రాసేసి ముందుకెళ్లిపోయిన సంగతి ఒకటుంది, అకౌంట్ అత్తమ్మ పేరు మీద ఉందని. అసలు తిరకాసు అక్కడే ఉంది. యూట్యూబ్‌లో 2025 జూలై 22 నుంచి 16 ఏళ్లు నిండనివాళ్లు ఒంటరిగా లైవ్ చేయడానికి లేదు, పక్కన పెద్దవాళ్లు కనిపించాలి. ఇన్‌స్టాగ్రామ్‌లో టీన్ అకౌంట్లు వచ్చాక 16 లోపు పిల్లలు లైవ్ పెట్టాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలి, తెలియనివాళ్లు మెసేజ్ చేయకుండా అడ్డం పడుతుంది. ఈ ఏర్పాట్లు చాలావరకు అకౌంట్‌లో ఉన్న పుట్టిన తేదీని చూసి పనిచేస్తాయి. అక్కడ 62 ఏళ్లని ఉంటే యాప్ మామూలుగా ఆ కెమెరా ముందున్నది పెద్దామె అనుకునే నడుస్తుంది, ఎవరు మెసేజ్ చేసినా వదిలేస్తుంది, పెద్దవాళ్ల లైవ్‌లు చూపిస్తుంది, డబ్బు లావాదేవీలకి తలుపులు తీస్తుంది. మన ఇళ్లలో ఇది ఎంత మామూలైపోయిందో, నానమ్మ జీమెయిల్, తాతయ్య ఫోన్ నంబర్, పిల్లల చేతిలో ఫోన్.

కాబట్టి ఆ యాప్‌లో పాత లైవ్‌లు ఏవైనా సేవ్ అయి ఉంటే డిలీట్ చేసి, సెట్టింగ్స్‌లోకి వెళ్లి అకౌంట్‌నే తొలగించండి, ఫోన్‌లోంచి యాప్ తీసేసినంత మాత్రాన అకౌంట్ పోదు. ఇదంతా పైన చెప్పిన సాక్ష్యాలు దాచుకుని, ఫిర్యాదు ఇచ్చాకే. తర్వాత పాప అసలు పుట్టిన తేదీతో ఒక గూగుల్ అకౌంట్ తెరిచి పిల్లల ఫోన్ మీద కన్నేసి ఉంచే గూగుల్ ఫ్యామిలీ లింక్ యాప్‌తో మీ ఫోన్‌కి కలుపుకోండి, అది ఉచితమే, కొత్త యాప్ వేసుకోవాలంటే అనుమతి అడుగుతూ మీ ఫోన్‌కి మెసేజ్ వచ్చేలా పెట్టుకోవచ్చు. పాపకి తెలియకుండా మాత్రం పెట్టకండి. అత్తమ్మ ఫోన్‌లో ప్లే స్టోర్ కొనుగోళ్లకి ప్రతిసారీ పాస్‌వర్డ్ అడిగేలా మార్చండి. యూపీఐ లైట్ ఉందేమో కూడా చూడండి, చిన్న మొత్తాలకి దాంట్లో పిన్ అడగదు. పిల్లలకి గిఫ్టులు రావడమే కాదు, వాళ్లు తిరిగి వేరేవాళ్లకి గిఫ్టులు పంపడం కూడా మొదలవుతుంది, ఆ గిఫ్టులకి వాడే కాయిన్లు డబ్బు పెట్టి కొనేవే.

ఏజెన్సీ వాడి గురించి ఎక్కువ రాయను. 13 ఏళ్ల పిల్లకి రోజూ రెండు గంటలు కెమెరా ముందు కూర్చోమని జీతం ఇస్తానన్న మనిషితో మాట్లాడాల్సిందేమీ లేదు. ఆ జీతం కూడా టార్గెట్ మీదే ఉంటుంది, ఇన్ని గంటలు, ఇన్ని గిఫ్టులు అని, టార్గెట్ అందడానికి ఏం చేయాలో వాళ్లే మెల్లమెల్లగా నేర్పుతారు. వచ్చిన గిఫ్టుల్లోంచి యాప్ పెద్ద వాటా తీసుకుంటుంది, మిగిలిందాంట్లో ఏజెన్సీ తీసుకుంటుంది. అతను పంపిన లింక్‌తో ఏదైనా యాప్ వేసుకుని ఉంటే, అంటే ప్లే స్టోర్‌లోంచి కాకుండా, దాన్ని వెంటనే తీసేయండి. ఆధార్ ఫోటో పోయింది పోయింది, వెనక్కి రాదు, కానీ చేయాల్సినవి ఉన్నాయి. ఆధార్ వెబ్‌సైట్‌లో అత్తమ్మ బయోమెట్రిక్ లాక్ చేయండి, ఆధార్‌ని ఎప్పుడెక్కడ వాడారో ఆ హిస్టరీ కూడా అక్కడే కనిపిస్తుంది. టెలికాం శాఖ వాళ్ల సంచార్ సాథీ పోర్టల్‌లో ఆమె పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో చూసి, తెలియనిది ఉంటే అక్కడే ఇది నాది కాదు అని పెట్టండి. పాన్, బ్యాంక్ పాస్‌బుక్ కూడా పంపారేమో అడగండి. పంపి ఉంటే బ్యాంకుకి వెళ్లి చెప్పాల్సిందే.

ఇప్పుడు లైవ్ గురించి, ఏ యాప్ అయినా సరే. మామూలు వీడియో అయితే పెట్టే ముందు ఒకసారి చూసుకుంటాం, లైవ్‌లో మనం చూసేలోపు వందమంది చూసేస్తారు. మన ఊళ్లో అడ్రస్ దొరకడం ఎంత తేలికో ఆలోచించండి. బాల్కనీ వెనక మెట్రో పిల్లర్ నంబర్ కనిపిస్తే చాలు, హైదరాబాద్‌లో సగం అడ్రస్‌లు పిల్లర్ నంబర్‌తోనే కదా చెప్పుకుంటాం. గోడకి వీధి చివర కిరాణా షాపు వాళ్లిచ్చిన క్యాలెండర్, దాని కింద కాలనీ పేరు, ఫోన్ నంబర్ పెద్ద అక్షరాలతో. మేకుకి వేలాడే స్కూల్ ఐడీ కార్డు, ఆరేసిన యూనిఫాం మీద స్కూల్ బ్యాడ్జి. పాప పాడుతుంటే తలుపు దగ్గర డెలివరీ అబ్బాయి, మేడమ్ ఫ్లాట్ నంబర్ ఫలానానా అని గట్టిగా అడుగుతాడు, అదీ వినిపిస్తుంది. 'అన్నయ్య' స్కూల్ ఏదని అడిగాడంటే బహుశా మిగతావి అతనికి ముందే తెలిసి ఉండొచ్చు. మిమ్మల్ని భయపెట్టడానికి అనడం లేదు, స్కూల్లో క్లాస్ టీచర్‌కీ, స్కూల్ వ్యాన్ డ్రైవర్‌కీ ఒక మాట చెప్పి పెట్టండి, కొన్నాళ్లు పాపని మీరో మీ ఆయనో తప్ప ఎవరొచ్చినా పంపొద్దని.

లైవ్ అయిపోగానే అంతా పోయిందనుకోవడం ఇంకో పొరపాటు. ఫేస్‌బుక్‌లో లైవ్ వీడియో 30 రోజులు ఉంటుంది, యూట్యూబ్‌లో దానంతట అదే సేవ్ అవుతుంది, వీటన్నిటికంటే ముందు చూసేవాడి ఫోన్‌లో స్క్రీన్ రికార్డింగ్ ఉంది, అతను రికార్డ్ చేస్తున్నాడని మీకు తెలిసే మార్గం దాదాపు లేదు. ఎప్పుడైనా పాప ఫోటోనో వీడియోనో మార్ఫింగ్ చేసి బెదిరింపు వస్తే ఒక్క రూపాయి పంపొద్దు, పంపితే ఆగరు, ఇంకా అడుగుతారు. 18 లోపు పిల్లల అసభ్య చిత్రాల కోసం టేక్ ఇట్ డౌన్ అనే ఉచిత సేవ ఉంది, అమెరికాలో పిల్లల రక్షణకి పనిచేసే ఎన్‌సీఎంఈసీ నడుపుతుంది. దాంట్లో ఫోటో మీ ఫోన్ దాటి పోదు, దాని డిజిటల్ గుర్తు మాత్రమే వెళుతుంది, అందులో చేరిన యాప్‌లు ఆ గుర్తుని బట్టి ఫోటోని పట్టుకుని తీసేస్తాయి. అది చేసినా పోలీసు ఫిర్యాదు మాత్రం మానకండి.

అత్తమ్మగారి దగ్గరికి వద్దాం. ఆమెని విలన్ చేయకండి, మనవరాలి పాటని నలుగురూ మెచ్చుకుంటుంటే ఏ నానమ్మకి ఆనందం ఉండదు చెప్పండి. కానీ ఇంట్లో నియమం పిల్లకి ఒకటి, పెద్దలకి ఒకటి అయితే నిలబడదు. ఆమె ఫేస్‌బుక్ లైవ్‌లు కూడా చేస్తుంటే ఆడియెన్స్ పబ్లిక్ అని ఉందేమో చూసి ఫ్రెండ్స్ అని మార్చండి, ఆ ఫ్రెండ్స్ లిస్టులో ముక్కూ మొహం తెలియనివాళ్లు ఎంతమంది ఉన్నారో ఇద్దరూ కూర్చుని చూడండి. బతుకమ్మ లైవ్ పెట్టుకోవచ్చు, బోనాలు పెట్టుకోవచ్చు, పండగ ముచ్చట ఎవరు కాదంటారు, ఇంటికొచ్చాక వీడియోగా పెడితే ఇంకా మంచిది. 'అందరం యాదగిరిగుట్ట పోతున్నం' అని కారులోంచి లైవ్ పెడితే ఫ్లాట్‌కి తాళం వేసి ఉందని ఊరందరికీ దండోరా వేసినట్టే. పసిపిల్లలకి నలుగు పెట్టి స్నానం చేయించేది లైవ్‌లో గానీ స్టేటస్‌లో గానీ అసలు వద్దు, ఎంత ముద్దుగా ఉన్నా వద్దు.

మీ ఆయన అన్నదాంట్లో ఒక సగం నిజం ఉంది, పిల్లకి గొంతు ఉంటే పాడాలి. తెలియనివాళ్లు డబ్బు విసిరే చోట పాడాలని ఎక్కడా లేదు. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో జవహర్ బాలభవన్ ఉంది, పిల్లలకి సంగీతం నేర్పుతారు. రామ్‌కోటిలో ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ఉంది. మియాపూర్ నుంచి నాంపల్లికి మెట్రోలో రైలు మారకుండా వెళ్లిపోవచ్చు. చుట్టాలు అమెరికాలో ఉన్నారు, వాళ్లు చూడాలి అంటారా, యూట్యూబ్‌లో అన్‌లిస్టెడ్‌గా వీడియో పెట్టి లింక్ వాళ్లకే పంపండి, లింక్ ఉన్నవాళ్లకే తెరుచుకుంటుంది, కామెంట్లు ఆపేయొచ్చు. లేదంటే ఆదివారం పొద్దున ఒక గ్రూప్ వీడియో కాల్, అందరూ పేరు పెట్టి పిలిచేవాళ్లే ఉంటారు. మీ ఆయనకి వివరించి ఒప్పించడం కంటే ఆ చాట్ మొత్తం ఒకసారి ఆయన చేతికిచ్చి చదవమనండి, మీరు మధ్యలో మాట్లాడకండి. ఒక తండ్రిగా చదివాక టాలెంట్ మాట మళ్లీ ఎత్తరనే అనుకుంటున్నాను.

ఇంకొకటి మిగిలింది, క్లాసులో ఆ ముగ్గురు అమ్మాయిలు. ఇలాంటివాడు ఒక్క పిల్ల దగ్గరే ఆగడు, మీ పాప లైవ్ మూసేయగానే ఇంకో పిల్ల లైవ్‌కి పోతాడు, ఈపాటికే అక్కడ కూడా 'అన్నయ్య' అయి ఉండొచ్చు. ఆ ముగ్గురి అమ్మలకి మీరే ఫోన్ చేయండి. వాట్సాప్ గ్రూప్‌లో రాయొద్దు, అక్కడ రాస్తే మీ పాప పేరు స్కూలంతా తిరుగుతుంది. విడివిడిగా, అతని ప్రొఫైల్ ఐడీ చెప్పి, మీ అమ్మాయి ఫోన్‌లో ఉన్నాడేమో చూడండి, తిట్టకుండా అడగండి అని చెప్పండి. ఎవరైనా ఉన్నాడంటే నలుగురూ కలిసి ఒకే ఫిర్యాదు ఇవ్వండి, అప్పుడు దాన్ని పక్కన పెట్టడం ఎవరికీ అంత తేలిక కాదు.